ఒకటిన్నర టన్నుల ఏసీతో బైరకూరు దాకా

తిరిగొచ్చి వారమైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా కోలారు ఎలా ఉంది, బంగారు గనులు చూశారా అని అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న. "బస్సుకి ఆ ఒక్క ఏసీ సరిపోయిందా?" బెజవాడ వాళ్ళకి ఎండాకాలంలో వేరే ధ్యాస ఉండదు, వాళ్ళని అని లాభం లేదు. ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగితే నేనూ చెప్పేసి ఊరుకునేదాన్ని.

ముందు బస్సు సంగతి చెప్పాలి. మా బావ రామ్మూర్తి ఓ బడి వాళ్ళు వదిలించుకున్న పాత బస్సు కొన్నాడు. సీట్లు పీకించి, వెనక మంచాల గది, మధ్యలో గ్యాసు పొయ్యి, స్నానానికి బీరువా అంత గది, ముందు నలుగురు కూర్చునే బల్లలు పెట్టించాడు. ఇది సరదా కోసం చేసిన పని కాదు, మా అక్క విమల కోసం. అక్కకి చెమట పట్టదు. కొన్నేళ్ళ కిందట వచ్చిన జబ్బు పోతూ పోతూ ఆ గుణాన్ని పట్టుకుపోయింది. "చెమటే పట్టదా, ఎంత అదృష్టమమ్మా" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒంట్లో వేడి బయటికి పోయే దారిలేక, కాస్త ఉక్కపోసినా అక్క మొహం కందిపోతుంది, తల తిరుగుతుంది, మాట తడబడుతుంది. ఇంకాసేపు అలాగే వదిలేస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకని శివరాత్రి వెళ్ళింది మొదలు వానలు పడేదాకా ఆవిడ ఒకే గదిలో తలుపేసుకుని ఏసీ కింద ఉంటుంది. నలుగురు చుట్టూ చేరితే గానీ అన్నం సహించని మనిషికి అంతకంటే జైలు ఏముంటుంది?

బావ ఒక మాట అనుకున్నాడు. నడి వేసవిలో నాలుగు రోజులు తిప్పి చూద్దాం, అక్క తట్టుకుంటే ఇక ప్రతి ఎండాకాలం ఏదో ఒక ఊరు. తట్టుకోకపోతే బస్సు అమ్మేసి మళ్ళీ ఆ గదే.

ఆటోనగర్‌లో బాడీ కట్టిన మేస్త్రి రెండు ఏసీలు పెట్టుకోమన్నాడు. "రేకు డబ్బా అండీ ఇది. పైన ఎండ, కింద ఇంజను, చుట్టూ అద్దాలు. వెనక ఒకటి, ముందు ఒకటి ఉండాలండీ" అన్నాడు. నేను ఆయన పక్షం. బావ మాత్రం పొడుగు, వెడల్పు, ముగ్గురు మనుషులు అని కాగితం మీద హెచ్చవేసి, ఒకటిన్నర టన్నులది ఒక్కటి చాలని తేల్చాడు. రెండో దానికి పెద్ద జనరేటరు కావాలట, బరువట, మోతట. అసలు కారణం అది కాదు. ఆయన పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో. వాళ్ళ నాన్నగారు గని ఆఫీసులో గుమాస్తా. "మా చిన్నప్పుడు ఏప్రిల్లో కూడా దుప్పటి కప్పుకునేవాళ్ళం. అక్కడికెళ్తే ఈ ఒక్క ఏసీ కూడా ఆపేయమంటారు చూడండి" అన్నాడు. యాభై ఏళ్ళనాటి చల్లగాలిని కూడా ఆ లెక్కలో కలిపేశాడన్నమాట. టాపుకి తెల్ల రంగు వేయించి, లోపల థర్మోకోల్ పరిపించి, కిటికీలకి మందపాటి తెరలు కట్టించి బయల్దేరదీశాడు.

ముళబాగిలు

ఈ ఊరికి వచ్చి దోశ తినకుండా పోతే రాలేదనే లెక్కట. మన పెసరట్టు పలచగా, చురుగ్గా ఉంటుంది. ఇక్కడి దోశ అంచు కరకర, నడుమ మెత్తన, పైన కరుగుతున్న వెన్న, లోపల ఎర్ర చట్నీ పూత. అరవై రూపాయలు. రెండోది అడక్కుండానే వేశారు, అది కూడా తిన్నాను.

అక్క పొయ్యిల దగ్గరికి రాకూడదు కాబట్టి ఆవిడ దోశ బస్సులోకే వెళ్ళింది. పార్సిల్ అడుగుతున్న బావ గొంతు విని నేను తల తిప్పి చూశాను. "ఇంగ రెండు కట్టియ్యప్పా, చట్నీ జాస్తి పెట్టు" అంటున్నాడు. ముప్పై ఏళ్ళు మాతో "అండీ" అని మాట్లాడిన మనిషి, పొలిమేర దాటగానే మారిపోయాడు.

చట్నీ మరిచిపోయారని హోటలాయన స్వయంగా గిన్నె పట్టుకుని బస్సెక్కాడు. "ఏమమ్మా, లోపల ఊటీ మాదిరి ఉండాది!" అని ఆనందపడి బల్ల మీద కూర్చున్నాడు. ఈ వింత చూడమని బావమరిదిని కేకేశాడు. బావమరిది ఇద్దరు గిరాకీలను వెంటేసుకొచ్చాడు. అందరూ అక్కతో దోశ ఎలా ఉందో చెప్పించుకుని గానీ దిగలేదు. తలుపు అంతసేపూ బార్లా తెరిచే ఉంది. గోడకి తగిలించిన ఉష్ణోగ్రత గడియారంలో అంకె పైకి పాకడం నేను చూశాను, బావ చూడనట్టు నటించాడు. అక్క మాత్రం మొహం నిండా నవ్వుతో ఉంది.

కోరమండల్

కేజీఎఫ్‌లోకి వెళ్తుంటే ముందుగా కనిపించేవి కొండలు కావు, గని మట్టి దిబ్బలు. బంగారం తీసేశాక మిగిలిన బూడిదరంగు మట్టి. గాలి లేస్తే ఆ పొడి ఊరంతా తిరుగుతుంది. కోరమండల్ అనే పేటలో గని కార్మికుల కోసం కట్టిన ఇళ్ళ వరసలు ఇంకా ఉన్నాయి. గోడకి గోడ ఆనుకుని, వంగి దూరాల్సిన గుమ్మాలు. గనులు మూతపడ్డాక కూడా చాలామంది ఇల్లు వదల్లేదు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళి పనిచేసి రాత్రికి చేరుకుంటారు.

బావ చిన్ననాటి నేస్తం మునిస్వామి కూడా అలా రైల్లో తిరిగి తిరిగి ఈ మధ్యే పని మానేశాడు. వాళ్ళ నాన్న పలమనేరు పక్క పల్లె నుంచి గనిలో దిగడానికి వచ్చినవాడు. బస్సు ఆగిందో లేదో, "ఒరే రామూర్తీ, బస్సు కొన్నావంటే రూటు పర్మిట్ యాడికిరా?" అంటూ వచ్చి కావలించుకున్నాడు. బావ ఏడ్చినంత పనిచేశాడు. బెజవాడలో పక్కింటి వాళ్ళతో మాకు పలకరింపు గేటు దగ్గరే అయిపోతుంది. ఇక్కడ గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడితే అవమానం. మునిస్వామి భార్య సేమియా పాయసంతో వచ్చింది. పక్క వరస నుంచి తమిళం మాట్లాడే ఇద్దరు ముసలమ్మలు బేకరీ కేకుతో వచ్చారు. గుమాస్తాగారి కొడుకు ఇల్లు కట్టుకున్న బస్సంట అని వరసలన్నీ కదిలొచ్చాయి. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు మెట్టు మీద నిలబడి ఇంకో మాట చెబుతున్నారు.

ఆ మెట్టు మీదే, తలుపు వీపుకి ఆనించుకుని, మునిస్వామి గనిలో గాలి సంగతి చెప్పాడు. "మా నాయన దిగినంత లోతులో శానా ఉడుకమ్మా. పైనించి చల్లగాలి తోస్తా ఉండిరి. ఆ గాలి పక్కకు పోకుండా దారిలో జంట తలుపులు. ఒకటి మూసినాకనే ఇంగొకటి తీయాల. రెండూ ఒకేసారి తీసినోణ్ణి అక్కడే తిట్టేవాళ్ళు."

నేను ఆయన వీపు వెనక తలుపు కేసి చూశాను. పాపం ఆయనకి స్ఫురించలేదు. నాకు చెప్పడానికి నోరు రాలేదు. మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు. ఇంటికొచ్చిన మనిషిని "లోపలికి రావద్దు" అని ఎలా అంటాం? అందులోనూ పాయసం పట్టుకొచ్చిన మనిషిని.

కేకు ముక్క అందుకుంటున్న అక్క చెయ్యి జారింది. అందరితో నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి మధ్యలో మాట వెతుక్కుంది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. గడియారం చూస్తే లోపల ముప్పై నాలుగు. నేను అరిచాను. ఒక్కసారిగా బస్సు ఖాళీ అయింది. తడి తువ్వాళ్ళు చుట్టాం, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టాం. ఆ ఐసు వరసలోని ఏ ఇంటి ఫ్రిజ్ నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు, గిన్నెలు వస్తూనే ఉన్నాయి. పొద్దు వాలేసరికి అక్క తేరుకుని, పాయసం మిగిలిందా అని అడిగింది. మునిస్వామి మాత్రం గుమ్మంలో కూలబడి, "మా వల్లే అయిపోయిందప్పా" అని తల పట్టుకున్నాడు.

బావ రేపే వెనక్కి పోదామన్నాడు. అమ్మేస్తానన్నాడు. ఆయన మొహం చూడలేకపోయాను. నాకు గెలిచానన్న సంతోషం కూడా కలగలేదు.

"వాళ్ళనేమీ అనకండి, లోపలికి రమ్మంది నేనే" అంది అక్క. "బైరకూరులో మీ చెల్లెలు వెంకటలక్ష్మి ఎదురుచూస్తోంది. అది కూడా చూసి పోదాం. అక్కడా ఇలాగే అయితే మీ ఇష్టం, నేను మాట్లాడను."

క్యాసంబళ్ళి

మునిస్వామి చెప్పాడని పొద్దున్నే క్యాసంబళ్ళి మీదుగా చుట్టు తిరిగి బయల్దేరాం. అక్కడ కూరగాయల బేరం చూడాలి. బెజవాడలో టమాటా చేతిలోకి తీసుకుని నొక్కి, పక్కన పెట్టి, మళ్ళీ తీసుకుంటాం. ఇక్కడ నొక్కితే ఊరుకోరు. "నొక్కితే నీదే అమ్మా" అని ఒకామె నా సంచిలో వేసేసింది.

అక్క కిటికీ అద్దం బెత్తెడు తెరిచి వేలుతో చూపించి కొనుక్కుంది. చిక్కుడుకాయలు, రాగిపిండి అలా కిటికీలోంచే ఎక్కాయి. బావ మాత్రం చవకగా వస్తున్నాయని పెట్టె టమాటాలు కొనేశాడు. ఎక్కడా చోటు లేక స్నానాల గదిలో పెట్టాం. ఆ రోజు మాకు స్నానాల్లేవు. మధ్యాహ్నం రాగి ముద్ద, చిక్కుడుకాయ ఉడికించిన నీళ్ళతో చేసే బస్సారు అనే పులుసు తిన్నాం. మొదటి ముద్ద నమిలాను. నమలకూడదట, మింగాలట. నన్ను చూసి హోటల్లో అందరూ నవ్వారు.

బైరకూరు

వెంకటలక్ష్మి బావకి పినతండ్రి కూతురు. ఆమె, భర్త మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతారు. మమ్మల్ని చూసి నవ్వింది గానీ ఆ నవ్వులో ప్రాణం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఊళ్ళో కరెంటు లేదట. బోరు నడవక నీళ్ళు లేవు, పురుగుల ఇంటికి రేకుల కప్పు. మామూలుగా కప్పు మీద నీళ్ళు చల్లి, గోనె పట్టాలు తడిపి చల్లగా ఉంచుతారు. ఇప్పుడు కుండల్లో తెచ్చిన నీళ్ళు చల్లినవి చల్లినట్టు ఆరిపోతున్నాయి.

"రెండో జ్వరం లేసినాయి వదినా. ఇప్పుడు బాగా తినాల. ఆకు మీద తల వాల్చి పడుండాయి" అంది. పురుగులు పొర విడిచే ముందు తినడం మానేసి కదలకుండా ఉంటాయి, దాన్ని వీళ్ళు జ్వరమంటారు. అది పోయి లేచినవి మళ్ళీ తినకపోతే పంట పోయినట్టే. వెంకటలక్ష్మి మమ్మల్ని ఏమీ అడగలేదు. అడిగే మనిషి కాదు.

అక్క మంచం మీంచి లేచింది. "వాటిని ఇక్కడికి తెచ్చెయ్యి."

"నీ చల్లదనం సగం అవి తాగేస్తాయి విమలా! నిన్న ఏమైందో మరిచావా?" అన్నాడు బావ.

"అవేమన్నా పాయసం తెస్తాయా, మెట్టు మీద నిలబడి కబుర్లు చెబుతాయా? వాటికీ నాలాగే చెమట పట్టదు, పాపం. తెమ్మనండి."

ఇక వెంకటలక్ష్మి పాత వెంకటలక్ష్మి అయింది. బస్సెక్కి కుక్కలాగా నాలుగు మూలలా వాసన చూసింది. అక్క పౌడరు, నా తలనొప్పి మందు, అగరొత్తులు అన్నీ దించేసింది. ఉల్లిపాయ తాలింపు కూడా కూడదంది. ఆఖరికి ప్లగ్గు దగ్గర దోమల మందు సీసా చూసి ఆమె మొహం పాలిపోయింది. "అన్నా! రాత్రి ఇది పెట్టినావా? దీని గాలి తగిల్తే ఒక్కటీ మిగల్దు!"

బావ పెట్టలేదు. మరిచిపోయాడు. దోమలు కుట్టి రాత్రంతా నిద్ర లేదని పొద్దున్న అక్క చేత చివాట్లు కూడా తిన్నాడు. ఆ చివాట్లన్నీ తిరిగి తీసుకోమని ఇప్పుడు గర్వంగా అడిగాడు. అక్క సరేనంది.

బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, వెనక గదిలో నా మంచం తీసేసి, పురుగుల తట్టలు అంతస్తులుగా అమర్చారు. మునిస్వామి చెప్పిన జంట తలుపుల మాట నాకు అప్పుడు పనికొచ్చింది. ముందు భాగానికీ వెనక గదికీ మధ్య పైనుంచి కిందికి ప్లాస్టిక్ పట్టా కట్టించాను. గాలి ఆడటానికి టాపు మీది చిన్న కిటికీ వేలెడు తెరిచాం. వెంకటలక్ష్మి భర్త జనరేటరుకి డీజిల్ మోసుకొచ్చాడు. పురుగుల గదిలోకి ఒకే మనిషి వెళ్ళాలట, వెళ్ళిన మనిషి ఊరికే బయటికీ లోపలికీ తిరక్కూడదట. ఆ పని అక్కకి పడింది. మేం బయట చేతులు కడుక్కుని ఆకు తరిగి కిటికీలోంచి అందిస్తే, ఆవిడ తట్టల మీద పరచాలి.

తలుపు

అసలు విశేషం ఆ మధ్యాహ్నం జరిగింది. బస్సు వార్త ఊరంతా పాకింది. ఓ ఇరవై మంది ఆడవాళ్ళు, మగవాళ్ళు గుంపుగా వస్తున్నారు. అరుగు మీంచి లేచి అడ్డం వెళ్ళాలా, ఏం చెప్పాలా అని తడబడుతున్నాను. ముందు నడుస్తున్న పెద్దావిడ గుమ్మానికి పది బారల దూరంలో ఆగి, పక్కామెను మోచేత్తో పొడిచింది. "లోపల పురుగులుండాయంట."

అంతే! గుంపంతా అక్కడే ఆగిపోయింది. ఒక్కరు కూడా మెట్టు తాకలేదు. తెగులు వెంట తెస్తామన్న భయంతో పురుగులున్న ఇంట్లోకి బయటివాళ్ళు అడుగు పెట్టరు. ఈ జిల్లాలో పసిబిడ్డకి కూడా తెలిసిన ఆచారమది. రమ్మన్నా రారు. ఏమంటారో చూద్దామని బావ మర్యాదకి "రాండి, కాఫీ తాగి పోదురు" అన్నాడు కూడా. "బాగా చెప్పినావులేప్పా, పంట పోతే ఎవరు ఇస్తారు?" అని ఆ పెద్దావిడ కసిరింది.

వాళ్ళు వెళ్ళిపోనూ లేదు. పందిరి కింద చాప పరుచుకుని, కిటికీ అద్దం అవతల ఉన్న అక్కతో అరుచుకుంటూ మాట్లాడారు. మీ ఊళ్ళో పట్టు ఎంత, పిల్లలెందరు, ఆకు పలచగా పరువమ్మా, ఆ మూల తట్టకి ఇంకొంచెం వెయ్యి. అక్క లోపల్నుంచి ఆకు చూపిస్తే బయటివాళ్ళు చేతులతో సైగలు. నేను గడియారం చూశాను. నడి మధ్యాహ్నం, బయట రేకులు చిటపటలాడుతుంటే, లోపల ఇరవై ఆరు. ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు.

"చూశావా, నా లెక్క తప్పలేదు! ఒకటిన్నర టన్నులు చాలు!" అన్నాడు బావ.

"చాలు బావా. చుట్టాలు లేని ఊళ్ళకి వెళ్తే చాలు" అన్నాను.

సాయంత్రానికి పురుగులు తలెత్తాయి. అక్క అద్దం దగ్గరికి ఒక ఆకు తెచ్చి, అంచునుంచి తినేసిన సగం చూపించింది. వెంకటలక్ష్మి అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. రెండూ అయ్యుండాలి. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. ఎండాకాలంలో మా అక్క ఒకరికి సాయపడటం చూసి ఎన్నేళ్ళయిందో.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా అక్కడే ఉన్నాం. అక్కకి ఒక్కసారి కూడా మొహం కందలేదు. నేను అరుగు మీద పడుకుని దోమల చేత తినిపించుకున్నాను. టమాటాలన్నీ పెంకుటిళ్ళ మీద ఎండబెట్టి వరుగులు చేసి ఇచ్చారు. బావ ఆటోనగర్ మేస్త్రికి ఫోన్ చేసి, ముందు భాగానికి ఇంకో ఏసీ, దానికి తగ్గ జనరేటరు సిద్ధం చెయ్యమన్నాడు. నడుమ తలుపు కూడా పెట్టమన్నాడు. ఎవరికి అని మేస్త్రి అడిగితే, "మావాళ్ళకి" అన్నాడు. మీరెవరైనా ఇలాంటి బస్సు కట్టించుకుంటే నా సలహా కూడా అదే. ఇంట్లో ఉండే మనుషులను లెక్కపెట్టకండి, ఇంటికి వచ్చే మనుషులను లెక్కపెట్టండి.

బయల్దేరే రోజు పురుగులు వాటి ఇంటికి చేరాయి. వెంకటలక్ష్మి పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ పట్టుకుని, కాళ్ళు కడుక్కుని మరీ బస్సెక్కింది. అక్కకి బొట్టు పెట్టి, దిగకుండా నిలబడి అడిగింది.

"వదినా, వచ్చే వేసవి పంటకు నువ్వు యెప్పుడు వస్తావో ఇప్పుడే చెప్పు. నువ్వొచ్చే దినం చూసుకోని పురుగులకు చెప్పిపెడతాను."

పెళ్ళి పిలుపుకైనా, గృహప్రవేశానికైనా, ఎవరు పిలిచినా మా అక్క ఇన్నేళ్ళూ చెప్పిన జవాబు ఒకటే, ఎండలు తగ్గాక చూద్దామని. అలవాటుగా ఆ మాటకే నోరు తెరిచింది. తెరిచి, ఆగి, నా వైపు చూసి నవ్వింది.

"ఎండలు బాగా ముదరనీ వెంకటలక్ష్మీ," అంది. "అప్పుడొస్తాను."